గండం గడవకముందే పాడిన పాట

కష్టంలో ఉన్నప్పుడు మనం దేవుడితో మాట్లాడే మాటల్లో బేరమే ఎక్కువ. "ఈ గండం గట్టెక్కించు స్వామీ, కొండకొచ్చి తలనీలాలిచ్చుకుంటాను" అంటాం. పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టి దేవుడి గూట్లో పెడతాం. జ్వరం తగ్గితే ఆ ముడుపు హుండీకి చేరుతుంది. ఇందులో నవ్వడానికేం లేదు. ముందు పని, తరవాత కూలి అన్నది లోకమంతా ఒప్పుకున్న ధర్మమే. పాటలూ ఆ ధర్మాన్నే పాటిస్తాయి. బిడ్డ పుట్టాకే లాలి, పంట ఇంటికొచ్చాకే పండగ, శత్రువు పారిపోయాకే విజయగీతం.

హీబ్రూ ప్రవక్తల కవిత్వం చదువుతున్నప్పుడు నన్ను మొదట ఆపేసింది ఈ వరస తారుమారు కావడమే. అక్కడ విడుదల ఇంకా రాలేదు. శత్రువు గుమ్మంలోనే ఉన్నాడు. అయినా పాట మాత్రం తయారైపోయింది.

యెషయా గ్రంథంలో పన్నెండో అధ్యాయం చూడండి. ఆరే ఆరు వచనాలు. తీరిగ్గా చదివినా రెండు నిమిషాలు పట్టదు. రాబోయే ఒకానొక రోజు సంగతి చెబుతూ, ఆ రోజున నువ్వు పాడవలసిన పాట ఇదీ అని ఈ రోజే వరస కట్టి చేతికిస్తుంది. సంబంధం కుదరకముందే మంగళహారతి పాట నేర్పించినట్టు! ఇది యెషయా రాసిందేనా, తరవాతి వాళ్ళెవరైనా చేర్చారా అని పండితులు వాదించుకుంటారు. ఆ వాదం వాళ్ళకే వదిలేద్దాం. 1947లో మృత సముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో దొరికిన తోలు చుట్టలో, ఏడు మీటర్లకు పైగా పొడవున్న యెషయా గ్రంథంలో, ఈ పాట ఇదే చోట ఉంది. అంటే రెండువేల ఏళ్ళకు పైగా పాఠకులు దీన్ని ఇక్కడే చదువుతూ వస్తున్నారు. నాకు ఆ చోటు ముఖ్యం. పదకొండు అధ్యాయాల తిట్లు, హెచ్చరికలు, యుద్ధ వార్తలు అయ్యాక ఈ చిన్న పాట వస్తుంది.

పాట మొదలయ్యే తీరు కూడా వింతగానే ఉంటుంది. కృతజ్ఞత చెప్పేవాడు మంచి మాటతో మొదలుపెడతాడనుకుంటాం. ఇతను దేవుడి కోపంతో మొదలుపెడతాడు. నా మీద ఆగ్రహించావు, ఆ ఆగ్రహం చల్లారింది, ఇప్పుడు ఓదారుస్తున్నావు అన్న భావంతో స్తుతి బయల్దేరుతుంది. కోపం వచ్చిన సంగతి దాచిపెట్టి పొగిడితే అది పొగడ్త అవుతుందేమో గాని స్తుతి కాదని ఆ కవికి తెలుసు. ఇంట్లో పెద్ద గొడవ జరిగాక ఏమీ జరగనట్టు కాఫీ గ్లాసు అందించే రాజీకీ, జరిగింది ఒప్పుకుని కూర్చుని మాట్లాడుకునే రాజీకీ ఉన్న తేడా మనకి తెలియందా!

ఆ కాలం ఎలాంటిదో కాస్త చెప్పుకోవాలి. క్రీ.పూ. 8వ శతాబ్దం. యూదా చిన్న రాజ్యం, యెరూషలేము దాని రాజధాని. ఉత్తరాన అష్షూరు సామ్రాజ్యం ఊళ్ళు మింగుకుంటూ వస్తోంది. పక్కనున్న ఉత్తర రాజ్యం, ఇశ్రాయేలు, క్రీ.పూ. 722 ప్రాంతంలో పడిపోయింది. క్రీ.పూ. 701లో సన్హెరీబు యూదా మీదకే వచ్చాడు. లాకీషు పట్టణాన్ని అతను పట్టుకున్న వైనం నీనెవెలోని తన కోట గోడల మీద శిల్పాలుగా చెక్కించుకున్నాడు. ఆ రాళ్ళు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిల్లో యుద్ధ యంత్రాలూ, బాణాలూ చూసి మగవాళ్ళు మెచ్చుకుంటారు. మన కళ్ళు నిలిచేది ఇంకోచోట. ఎడ్ల బండి మీద సామాను, ఆ సామాను మీద ఆడవాళ్ళూ పిల్లలూ. ఊరు వదిలి పోతున్న కుటుంబాలు. శిల్పి శత్రువు పక్షంవాడే అయినా, ఆ బండి మీద కూర్చున్న తీరు మాత్రం ఉన్నదున్నట్టు చెక్కాడు.

అదే సన్హెరీబు మట్టి పట్టకం మీద రాయించుకున్న ప్రగల్భం ఒకటి ఉంది. 46 కోట ఊళ్ళు పట్టుకున్నాననీ, హిజ్కియా రాజుని యెరూషలేములో పంజరంలో పిట్టలా బంధించాననీ అంటాడు. యెరూషలేముని పట్టుకున్నానని మాత్రం అనడు. అనలేకపోయాడు. కానీ హిజ్కియా తనకి పంపిన కప్పం జాబితా ఇస్తాడు. బంగారం, వెండి, ఏనుగు దంతం. వాటి వెంట రాజు కూతుళ్ళు, అంతఃపురం స్త్రీలు, గాయకులు, గాయనులు!

ఆ జాబితా గుర్తుంచుకోండి. యెరూషలేము దక్కింది, నిజమే. దాని పాట పాడేవాళ్ళలో కొందరు మాత్రం కప్పంలో పోయారు. విడుదల అన్న మాటకి చరిత్రలో ఇలాంటి లెక్కలుంటాయి. విడుదలకి స్తోత్రం పాడిన కవిత్వాన్ని ఆ లెక్కలు పక్కన పెట్టుకుని చదవాలని నా అభిప్రాయం. లేకపోతే అవి గోడకి తగిలించుకునే సూక్తులుగా మిగిలిపోతాయి.

పాటలో నడుమ ఒక బొమ్మ ఉంది. విడుదల అనే ఊటల్లోంచి జనం సంతోషంగా నీళ్ళు తోడుకుంటారని. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లో ఇవి బావులయ్యాయి. హీబ్రూలో ఉన్న మాట మాత్రం తవ్విన బావి కాదు, తనంతట తాను పుట్టే ఊట. బావికైతే తవ్వినవాడి పేరుంటుంది. ఊటకి ఎవరి పేరూ ఉండదు. అయితే చేదుకోవడం, తోడుకోవడం మాత్రం మనిషే చెయ్యాలి. నీళ్ళు వాటంతటవే బిందెలోకి ఎక్కవు కదా. పొద్దున్నే పంపు దగ్గర బిందెలు వరసలో పెట్టి నిలబడ్డవాళ్ళకి ఈ పోలికలోని సంతోషం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

యెరూషలేముకి నమ్మకంగా ఉన్న ఊట ఒక్కటే, గిహోను. అదీ పాత కోటగోడకి దిగువన లోయలో. ముట్టడి వస్తే నీళ్ళకి కటకట. అందుకని కొండ కింద రాతిని తొలిచి ఆ నీటిని ఊళ్ళోని సిలోయము కోనేటికి మళ్ళించారు. సుమారు 533 మీటర్ల సొరంగం. రెండు వైపుల నుంచీ తొలుచుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకున్నారు. గోడకి అవతలి వాళ్ళ గొంతులు ఇవతలి వాళ్ళకి వినిపించిన క్షణాన్ని సొరంగం గోడ మీద చెక్కిపెట్టారు. ఆ శాసనం 1880లో బయటపడింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. సాధారణంగా దీన్ని హిజ్కియా కాలానిదే అంటారు.

యెషయా గ్రంథం ఎనిమిదో అధ్యాయంలోనే ఈ నీళ్ళ కథ మొదలవుతుంది. మెల్లగా పారే ఊరి కాలువ నీళ్ళు మీకు చప్పబడ్డాయి గనక యూఫ్రటీసు మహానది మీ మీదకి పొంగుతుంది, మెడల దాకా ముంచుతుంది అని ప్రవక్త హెచ్చరిస్తాడు. ఆ మహానది అంటే అష్షూరే. పక్క రాజులకి భయపడి, ఇంట్లోని చిన్న నీటిని కాదని, పెద్ద రాజ్యం అండ కోరుకున్నందుకు ఆ మాట. నాలుగు అధ్యాయాల తరవాత మళ్ళీ నీళ్ళు. ఈసారి వరద కాదు, తోడుకునే ఊట. మధ్యలో ఇంత జరిగిందని గమనించకుండా ఆ ఒక్క ముక్కనీ విడిగా తీసి చదివితే అందులో సగం పోయినట్టే.

ఆ ముక్క బతికిన బతుకు కూడా సామాన్యం కాదు. దేవాలయం ఉన్న కాలంలో పర్ణశాలల పండగకి సిలోయము నుంచి నీళ్ళు తెచ్చి బలిపీఠం దగ్గర పోసే ఉత్సవానికి ఈ వచనమే ఊపిరి. ఇప్పటికీ ఎంతోమంది యూదుల ఇళ్ళల్లో శనివారం చీకటి పడ్డాక విశ్రాంతి దినాన్ని సాగనంపేటప్పుడు, ద్రాక్షరసం గిన్నె ఎత్తి, దీపం ముట్టించి, సుగంధ ద్రవ్యాలు వాసన చూసే ఆ చిన్న తంతు ఈ పాటలోని మాటలతోనే మొదలవుతుంది. 1937లో పాలస్తీనాలోని నఆన్ అనే సామూహిక గ్రామంలో నీళ్ళ పండగకి కట్టిన వలయ నాట్యానికీ ఈ వచనమే పల్లవి. కవిత్వం గొప్పదా కాదా అని చెప్పడానికి నాకు తెలిసిన కొలతల్లో ఇదొకటి. ఎన్ని వంటిళ్ళు, ఎన్ని వాకిళ్ళు తిరిగొచ్చిందీ అని.

ఇక వ్యాకరణానికొస్తాను. వ్యాకరణం అనగానే పేజీ తిప్పెయ్యకండి, అసలు సంగతి అక్కడే ఉంది. హీబ్రూ భాషలో ఎదుటివాళ్ళని 'నువ్వు' అంటే ఆ నువ్వు ఆడా మగా తెలిసిపోతుంది. 'పాడు' అన్నా తెలిసిపోతుంది. మన తెలుగులో 'పాడు' అంటే అబ్బాయికీ అదే, అమ్మాయికీ అదే. ఇంగ్లీషులోనూ అంతే. ఈ ఆరు వచనాల పాట మొదట్లో 'నువ్వు' అంటే ఒక మగవాడు, ఒంటరివాడు. మధ్యలో నీళ్ళు తోడుకునే చోట 'మీరు' అవుతుంది, గుంపు. ఆఖరి వచనంలో మళ్ళీ ఒక్కరే. కానీ ఈసారి ఆడమనిషి. సీయోనులో కాపురముండే ఆమెని పిలిచి, గొంతెత్తి కేక వెయ్యమంటాడు కవి. అనువాదాల్లో ఆమె మాయమైపోయింది. ఉత్త 'నివాసి'గా మిగిలింది.

హీబ్రూలో ఊరి పేర్లన్నీ స్త్రీలింగాలే, అందులో విశేషమేముంది అంటారు కొందరు. ఉండచ్చు. కాని పాటని ఎవరి గొంతులో ఆపాలన్నది వ్యాకరణం నిర్ణయించదు, కవి నిర్ణయిస్తాడు. పైగా ఇదే గ్రంథం మూడో అధ్యాయంలో సీయోను ఆడపడుచుల మీద ఒక పెద్ద వెటకారం ఉంది. మెడలు నిక్కించి, కాలి గజ్జెలు ఘల్లుమనిపిస్తూ నడుస్తారని మొదలుపెట్టి, కాళ్ళ కడియాలు, చంద్రవంకలు, చెవి కమ్మలు, ముక్కెరలు, అద్దాలు, అత్తరు బుడ్లు అంటూ ఇరవై పైచిలుకు వస్తువులు ఏకరువు పెడతాడు. ఆడవాళ్ళ పెట్టె ఇంత వివరంగా చూసిన ప్రవక్తని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ జాబితాలో నగలకే తప్ప మనిషికి గొంతు లేదు. పన్నెండో అధ్యాయానికొచ్చేసరికి ఆ ఆడమనిషికి నగల ఊసు లేదు, గొంతు మాత్రమే ఉంది.

ఈ పాటలో ఒక వాక్యం అరువు తెచ్చుకున్నది. దేవుడే నా బలమూ పాటా, నా విడుదలా అని చెప్పే ఆ వాక్యం నిర్గమకాండం పదిహేనో అధ్యాయంలో, ఎర్రసముద్రం దాటాక మోషే పాడిన పాటలోది. అక్కడ సముద్రం దాటి పాడారు, ఇక్కడ దాటకముందే పాడుతున్నారు. ఇంకో ముచ్చట. 'విడుదల' అన్న హీబ్రూ మాట ఈ చిన్న పాటలో మూడుసార్లు వస్తుంది, యెషయా అన్న పేరులో ఉన్నదీ ఆ ధాతువే. కవి తన సంతకం పాటలోనే చేసినట్టుంది.

మోషే పాట అనగానే పక్కనే ఉన్న మిర్యాముని మర్చిపోకూడదు. తంబుర పట్టుకుని ఆమె ముందు నడిచింది, ఆడవాళ్ళంతా వెనక నాట్యమాడుతూ వెళ్ళారు. ఆమె అంది, వాళ్ళు అందుకున్నారు. మన బతుకమ్మ చుట్టూ తిరిగేవాళ్ళకి, కోలాటం వేసేవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేని ఏర్పాటు. బైబిలు ఆమెని ప్రవక్త్రి అంది. దెబోరానీ ప్రవక్త్రి అంది. యూదు సంప్రదాయం ఏడుగురు ప్రవక్త్రులని లెక్కపెడుతుంది. యుద్ధం నుంచి వచ్చేవాళ్ళకి ఎదురెళ్ళి పాడే పాట ఆడవాళ్ళ సొత్తని గోయిటెయిన్ అనే పండితుడు 1957లోనే చెప్పాడు. ఆ పాటకి ఎంత బలమంటే, సౌలు కన్నా దావీదుకి నాలుగు మాటలు ఎక్కువ పాడినందుకే సౌలు రాజుకి ఈర్ష్య పుట్టి సగం కథ నడిచింది!

రూపం గురించి రెండు మాటలు. ఈ కవిత్వానికి మన యతిప్రాసల్లాంటి కట్టుబాటు లేదు. ఒక మాట చెప్పి, దాన్నే మరోలా చెప్పడం దీని నడక. ఆక్స్‌ఫర్డ్‌లో కవిత్వ ప్రొఫెసర్‌గా ఉండిన రాబర్ట్ లౌత్ 1753లో అచ్చయిన తన ఉపన్యాసాల్లో దీన్ని ఎత్తి చూపాడు. చాలాకాలం ఇది ఉత్త పునరుక్తి అనుకున్నారు. 1980లలో జేమ్స్ కూగెల్, రాబర్ట్ ఆల్టర్ కాదన్నారు. రెండో సగం మొదటిదాని కన్నా ఒక మెట్టు ముందుకెళ్తుందన్నారు. నా సొంత ఉదాహరణ చెప్తాను: తలుపు వేసింది, గడియ బిగించింది. రెండూ ఒకటేనా? రెండోదాంట్లో భయం ఉంది.

ఆ నడకని భయంకరంగా వాడుకున్న పాట దెబోరాది, న్యాయాధిపతులు ఐదో అధ్యాయం. హీబ్రూ కవిత్వంలో అతి పాతవాటిల్లో ఒకటని చాలామంది అంటారు. కథ మీకు తెలిసే ఉంటుంది. కనాను సేనాధిపతి సీసెరా ఓడిపోయి పారిపోతూ యాయేలు అనే ఆవిడ గుడారంలో దూరతాడు. నీళ్ళడిగితే పాలిస్తుంది. తరవాత గుడారం మేకుతో చంపుతుంది. పాట ఆ చావుని మెల్లగా, ఒక్కో మాటా తిరగేసి మరగేసి చెబుతుంది. అక్కడితో ముగించి ఉంటే అది మామూలు విజయగీతం. అక్కడ ముగించలేదు. కెమెరా తిప్పినట్టు సీసెరా తల్లి ఇంటికి తీసుకుపోతుంది. ఆవిడ కిటికీ అల్లిక సందుల్లోంచి వీధి చూస్తోంది. రథం ఇంకా రాలేదేం అనుకుంటోంది. పక్కనున్న తెలివైన చెలికత్తెలు సర్దిచెబుతారు. ఆవిడా తనకి తాను సర్దిచెప్పుకుంటుంది. దోపిడీ పంచుకుంటున్నారేమో, అద్దకపు బట్టలు, కుట్టుపని బట్టలు, మగవాడికి ఒకత్తో ఇద్దరో ఆడపిల్లలు.

నవలలు రాసుకునేదాన్ని కనక ఈ చోట నాకు అసూయ కలుగుతుంది. రాని కొడుకు కోసం కిటికీ దగ్గర నిలబడ్డ తల్లిని చూసి జాలిపడేలోగా ఆవిడ నోట్లోంచి ఆ మాట వస్తుంది. ఆడపిల్లలు అనడానికి ఆవిడ వాడిన మాటకి హీబ్రూలో అర్థం గర్భసంచి. మగవాడికి ఒకటో రెండో గర్భసంచులు! శత్రువుల పిల్లల్ని ఒక ఆడదే అలా అంటోంది. కవయిత్రి వ్యాఖ్యానం చెయ్యదు. జాలి పడమనదు, పడొద్దనదు. ఇది గెలిచినవాళ్ళ వెటకారమే అని చాలామంది వ్యాఖ్యాతలు తేల్చేశారు. కావచ్చు గాని, వెటకారానికి కిటికీ అల్లిక దాకా వెళ్ళక్కర్లేదు. ఒకరి విడుదల మరొకరి ఇంట్లో ఏమవుతుందో ఆ పాటకి తెలుసు.

తరవాతి తరాల యూదు పెద్దలకీ అది తెలిసింది. ఎర్రసముద్రంలో ఐగుప్తు సైన్యం మునుగుతుంటే దేవదూతలు పాట ఎత్తుకోబోయారనీ, నా చేతి సృష్టి మునిగిపోతుంటే మీకు పాటలా అని దేవుడు మందలించాడనీ తాల్ముదులో ఒక కథ ఉంది. సీసెరా తల్లి విషయమైతే ఇంకా ఆశ్చర్యం. యూదుల కొత్త సంవత్సరానికి పొట్టేలు కొమ్ము ఊదుతారు. అందులో విరిగి విరిగి వచ్చే ధ్వని ఎలా ఉండాలన్న చర్చ వచ్చినప్పుడు తాల్ముదు పండితులు ఈవిడ ఏడుపుని ప్రమాణంగా తీసుకున్నారు. ఏ పాట ఆవిడ కొడుకు చావుకి సంతోషించిందో, ఆ పాటలోని ఆవిడ రోదననే.

బబులోను చెర కాలానికొస్తే స్వరం మారుతుంది. క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము కూలిపోయింది. జనంలో చాలామందిని బబులోనుకి తీసుకుపోయారు. యెషయా గ్రంథంలో నలభయ్యో అధ్యాయం నుంచి వినిపించేది ఆ చెర చివరి కాలపు మరో కవి గొంతని పండితులు అంటారు. జర్మన్ పండితుడు డూమ్ 1892లో రాసిన వ్యాఖ్యానం ఈ విభజనకి పేరు తెచ్చింది. ఈ రెండో కవి పేరు మనకి తెలియదు. రాజు పేరు మాత్రం అతను చెప్పాడు. పర్షియా రాజు కోరెషు, పరాయివాడు. అతణ్ణే దేవుడు అభిషేకించినవాడు అనేశాడు. క్రీ.పూ. 539లో కోరెషు బబులోనుని పట్టుకున్నాడు.

ఈ కవి నలభై రెండో అధ్యాయంలో కొత్త పాట పాడమంటాడు. ఎందుకని చూస్తే మొదట దేవుడు యుద్ధవీరుడిలా బయల్దేరతాడు. ఇది పాత పద్ధతే. వెంటనే మరుసటి వచనంలో ఆ వీరుడు లేడు. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను, ఇప్పుడు నొప్పులు పడే ఆడదానిలా అరుస్తాను, రొప్పుతాను అంటున్నాడు దేవుడు! గండం గడిచి పిండం బయటపడింది అంటాం మనం, ఆ రెండు మాటలూ ఎందుకు జంటగా వచ్చాయో ఆలోచించకుండానే. ఈ కవి ఆలోచించాడు. ఇక్కడ విడిపించేవాడు గట్టు మీద నిలబడి చెయ్యి అందించడం లేదు, నొప్పి ఆయనకే.

ఇందాకటి గర్భసంచి మాట మళ్ళీ ఇక్కడ ఎదురవుతుంది. హీబ్రూలో కరుణ అన్న మాటా అదే ధాతువు నుంచి వచ్చింది. ఫిలిస్ ట్రిబుల్ అనే అమెరికన్ పండితురాలు 1978లో రాసిన పుస్తకంలో దీన్ని బాగా విప్పి చెప్పింది. సీసెరా తల్లి నోట దోపిడీ సరుకు అయిన మాట, యాభై నాలుగో అధ్యాయంలో గొడ్రాలుగా ఉన్న సీయోనుని గుడారం తాళ్ళు పొడుగు చేసుకోమని పిలిచే చోట దేవుడి కరుణ అయింది.

ఇంత రాసిన కవే నలభై ఏడో అధ్యాయంలో బబులోనుని ఒక ఆడదాన్ని చేసి, సింహాసనం నుంచి దింపి దుమ్ములో కూర్చోబెట్టి, తిరగలి తిప్పమని, ముసుగు తియ్యమని, బట్ట ఎత్తమని ఎగతాళి చేస్తాడు. చెరలో మగ్గినవాళ్ళ కోపం అది, నిజమే, అర్థం చేసుకోవచ్చు. మెచ్చుకోవడం మాత్రం నా వల్ల కాదు. ఓడిన రాజ్యానికి అవమానం జరగాలంటే ఆడదాని ఒంటి మీద బట్టే ఎందుకు గుర్తుకురావాలి? దెబోరా పాట కిటికీ దగ్గర చూపించిన నిగ్రహం ఇక్కడ లేదు. గొప్ప కవిత్వంలో ఉన్నంత మాత్రాన మనం చూడనట్టు ఊరుకోనక్కర్లేదు.

పోనీ, ముందుగా పాడిన పాటకి తగినట్టు విడుదల వచ్చిందా? వచ్చింది, పాటంత రాలేదు. తిరిగొచ్చిన వాళ్ళకి దొరికింది పాడుబడ్డ ఊరు, పంటల కరువు, లోపల తగాదాలు. యాభై తొమ్మిదో అధ్యాయంలో వెలుగు కోసం చూస్తే చీకటే మిగిలిందని, గుడ్డివాళ్ళలా గోడ తడుముకుంటున్నామని వాపోతారు. ఆ వాపోవడాన్ని గ్రంథంలోంచి తీసెయ్యలేదు, చూశారా. పొగడ్తల పక్కనే ఉంచారు.

స్తుతిని కూడా అనుమానించిన వాళ్ళు వీళ్ళు. మేడిపండ్ల తోటల్లో పని చేసిన పశువుల కాపరి ఆమోసు, బజార్లో దొంగ తూకాలు తూచి, జత చెప్పుల ఖరీదుకి బీదవాణ్ణి కొనేవాళ్ళ పాటలు దేవుడికి చెవిపోటు అని మొహాన్నే చెప్పాడు. ఇక యిర్మీయా. గుడి అధికారి అతణ్ణి కొట్టించి బొండలో వేయించాడు. గోలకొండ చెరలో కూర్చుని రాముడికి నగల ఖర్చు లెక్కచెప్పి నిలదీసిన రామదాసు మనకి ఉన్నాడు గనక ఇలాంటి చనువు మనకి కొత్త కాదు. అయితే యిర్మీయా ఇరవయ్యో అధ్యాయంలో జరిగేది ఇంకా చేదు. పదమూడో వచనంలో, బీదవాడి ప్రాణం విడిపించాడు, దేవుణ్ణి పాడండి అంటాడు. పద్నాలుగో వచనంలో తను పుట్టిన రోజుని శపిస్తాడు. మధ్యలో ఒక్క అతుకు మాట లేదు. ఇలా ఉండటానికి వీల్లేదని ఎంతోమంది వ్యాఖ్యాతలు వచనాలు అటూ ఇటూ జరపచూశారు. పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టి, మధ్యాహ్నం ఎందుకు పుట్టానురా అనుకున్న ఆడది ఎవరైనా ఉంటే, వాళ్ళకి జరపవలసిందేమీ కనిపించదు.

హబక్కూకు మూడో అధ్యాయం చివర్న లేనివాటి జాబితా ఒకటుంది. అంజూరం పూయలేదు, ద్రాక్ష కాయలేదు, ఒలీవ నిరాశ చేసింది, పొలంలో తిండిగింజ లేదు, దొడ్లో గొర్రె లేదు, కొట్టంలో పశువు లేదు. నెలాఖరున డబ్బాలు తెరిచి చూసుకున్న ఇల్లాలి జాబితా అది. ఇదంతా అయ్యాక సంతోషిస్తానంటాడు. రేపు అంజూరం పూస్తుందని అనడు. అలా అని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ఆ తరవాత, అంత గంభీరమైన చోట, తంతి వాద్యాల మీద పాడవలసిందని పాటగాళ్ళకి ఒక చిన్న సూచన రాసిపెట్టి ఉంటుంది. ఆకలి గురించిన ఆ పాటకి ఎవరో కూర్చుని శ్రుతి సరిచూసుకున్నారన్నమాట.

వీటిని ఎప్పుడూ చదవని వాళ్ళు యెషయా పన్నెండుతో మొదలుపెట్టకండి. మొదట న్యాయాధిపతులు ఐదు చదవండి, కిటికీ దగ్గర కాసేపు ఆగండి. తరవాత యిర్మీయా ఇరవై, హబక్కూకు మూడు. ఆ పైన యెషయాకి రండి. ఆరు వచనాలూ పైకి చదవండి, ఆఖరి వచనంలో పిలుస్తున్నది ఒక ఆడమనిషినని గుర్తుపెట్టుకుని.